మూడు దోమలు, ఒక్క పేరు

మన మాటల్లో తేనెటీగా ఈగే, కందిరీగా ఈగే. కీటక శాస్త్రవేత్త లెక్కలో అవి ఈగలు కావు. వాటికి నాలుగు రెక్కలు. రెండే రెక్కలుండి, వెనక రెక్కల చోట గుండుసూది తలల్లాంటి బొడిపెలు మిగిలినవే అసలు ఈగలు. అలా చూస్తే పశువుల్ని పీడించే జోరీగ ఈగే, వరి పిలకను ఉల్లికాడలాంటి గొట్టంగా మార్చే ఉల్లికోడూ ఈగే, ఆఖరికి దోమ కూడా ఈగ వంశమే. ఖమ్మం మాగాణి దాటి, కిన్నెరసాని మీదుగా భద్రాచలం అడవిలోకి వెళ్తే ఈ వంశమంతా దారిలోనే ఎదురవుతుంది.

వీటిలో జాతిని విడదీసి చెప్పడం ఎంత అవసరమో రొనాల్డ్ రాస్ కథే చెబుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో ఆయన దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. అది ఏ దోమో ఆయనకు తెలియదు. రెక్కల మీద మచ్చలున్నదని గుర్తుపెట్టుకున్నాడు, అంతే. అంతకుముందు రెండేళ్లు ఆయన కోసిన దోమల్లో ఎక్కువ భాగం మనిషి మలేరియాను మోయని రకాలు.

కొత్త ఈగను పట్టడం పెద్ద కష్టం కాదు. అడవి దారికి అడ్డంగా సన్నని వలగుడ్డతో గుడారం కడతారు. గుడ్డకు తగిలిన ఈగ వెలుతురు వైపు పైకి పాకి, కొసన కట్టిన ఆల్కహాల్ సీసాలో పడుతుంది. అసలు పని ఆ తర్వాతే. చిన్న ఈగను సూదితో గుచ్చితే చితికిపోతుంది కనుక, త్రికోణంగా కత్తిరించిన అట్టముక్క కొసకు చుక్క జిగురుతో అంటిస్తారు. ఛాతీ మీది ముళ్లు, రెక్కల ఈనెలు పోల్చి చూస్తారు. అప్పటికీ తేలకపోతే మగ ఈగ పొట్ట చివరి భాగం విడదీసి క్షారంలో ఉంచుతారు. కండ కరిగిపోయి జననాంగాల గట్టి భాగాలు మిగులుతాయి. సూక్ష్మదర్శిని కింద వాటి బొమ్మ గీస్తారు. పైకి కవలల్లా కనిపించే జాతులు చాలాసార్లు అక్కడే విడిపోతాయి. పాత వర్ణనలన్నీ తిరగేశాకే కొత్తదని రాయాలి. ఒక నమూనాను ఆ పేరుకు సాక్ష్యంగా మ్యూజియంలో భద్రపరచాలి.

తూర్పు కనుమల కొండవాగుల్లో, మెల్లగా పారే అంచు నీట పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దగ్గర ఈ పనితనమూ చాలలేదు. 1902లో జేమ్స్ అనే వైద్యుడు పేరుపెట్టిన దోమ అది. కొన్నిచోట్ల మలేరియా మోస్తుంది, కొన్నిచోట్ల గొడ్ల జోలి తప్ప మనిషి జోలికి పెద్దగా రాదు. 1994లో మలేరియా పరిశోధకురాలు సరళా సుబ్బారావు బృందం ఆడదోమల అండాశయ కణాల్లోని పెద్ద క్రోమోజోముల చారలు చదివింది. కొన్నింటిలో చారల వరుస మామూలుగా ఉంది, మిగతావాటిలో రెండు రకాలుగా ముక్కలు తిరగబడి ఉన్నాయి. ఒకేచోట తిరిగే ఈ దోమలు తమలో తాము జతకడుతుంటే, సగం ఇలా సగం అలా ఉన్న సంతానం దొరకాలి. దొరకలేదు. కాబట్టి వేర్వేరు జాతులు. లేనిదాన్ని చూసి ఉన్నదాన్ని తేల్చిన ఈ తర్కం నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది.

అలా మూడు తేలాయి. పేర్లు పెట్టకుండా ఎస్, టి, యు అని అక్షరాలిచ్చారు. ఎస్ మనిషి రక్తం మరిగినది, మలేరియాను గట్టిగా మోసేది. టి, యు ఎక్కువగా పశువులను కుట్టేవి. మరి జేమ్స్ పెట్టిన పేరు ఈ మూడింటిలో దేనికి చెందాలి? చారలు కనిపించాలంటే తాజా ఆడదోమ కావాలి. ఎండిన పాత నమూనా ఆ జవాబు చెప్పలేదు.

అందుకే చర్ల, దుమ్ముగూడెం వైపు కోయగూడేల్లో పట్టిన ప్రతి దోమ చీటీ మీదా ఊరు, వాగు, తేదీ ఉండాలి. గొడ్ల కొట్టంలో దొరికిందో, మనుషులు పడుకున్న ఇంట్లో దొరికిందో కూడా రాయాలి.