గౌతమీవసిష్ఠల నడుమ క్రైస్తవబోధకుల తెలుగు

అన్యదేశీయులు తెలుగు నేర్చి వ్రాసిన గ్రంథములను విచారించునపుడు ఆంధ్రపండితులు సామాన్యముగ రెండు త్రోవలు త్రొక్కుచుందురు. కొందఱు ‘పాదిరితెలుగు’ అని యొక్కమాటతో దానిని ద్రోసివైతురు. మఱికొందఱు విదేశీయుడై యింతమాత్రము నేర్చుటయే ఘనమని మెచ్చి యూరకుందురు. మొదటిది యీసడింపు, రెండవది దయ. విమర్శ రెంటను లేదు. ప్రయోగమును బట్టి గుణదోషములు నిర్ణయింపవలెను గాని ప్రయోక్త పుట్టిన దేశమును బట్టి కాదు. శబ్దప్రయోగమునకు లోకమే యాకరమని మహాభాష్యకారుడు పస్పశాహ్నికమున నిరూపించియున్నాడు. కావున క్రైస్తవబోధకులు ఏ లోకమునుండి తెలుగు గ్రహించిరి, దానిని మరల ఏ లోకమున కప్పగించిరి అనునదే యిచ్చట బ్రశ్న.

ఈ ప్రశ్నను బరీక్షించుటకు గోదావరీముఖభూమికంటె దగిన చోటు లేదు. 1836వ సంవత్సరమున ఆంటనీ నారిస్ గ్రోవ్సు వెంట ఇంగ్లండునందలి బార్న్‌స్టేపుల్ పట్టణమునుండి విలియం బౌడెన్, జార్జి బీర్ అను నిరువురు చెన్నపట్టణమునకు వచ్చిరి. పిదప బందరు మీదుగ నరసాపురము చేరి నిలిచిరి. నరసాపురము వసిష్ఠకు పడమటి యొడ్డు. ఎదుటి యొడ్డు రాజోలుసీమ. గోదావరీ డెల్టా మిషను అను పేర బ్రసిద్ధమైన వారి బోధ కాలక్రమమున నది దాటి రాజోలు అమలాపురము సీమలలో వ్యాపించెను. ఈ యిరువురును విశ్వవిద్యాలయములలో జదివినవారు కారు. స్వదేశమున జేతిపనిచే జీవించినవారు. 1841లో బందరునకు వచ్చి, 1843లో ఉన్నతకులములవారి బాలుర కొఱకు పాఠశాల దెఱచి, 1865లో నచ్చటనే కాలధర్మము నొందిన రాబర్ట్ నోబిల్ కేంబ్రిడ్జి పట్టభద్రుడు. నోబిల్ పండితకుటుంబముల పిల్లలతో సహవాసము చేసెను. నరసాపురపువారికి సహవాసము పడవవాండ్రతోను కూలివాండ్రతోను గలిగెను. ఒకే కాలమున, ఒకే తీరమున ఈ రెండు విధములైన జీవనములు నడచుట భాషావిచారకు డుపేక్షింపదగిన విషయము గాదు.

ఆ జీవనక్రమ మెట్టిది? ఉదయమున మున్షీయొద్ద పాఠము, పిదప పాఠశాల, ప్రొద్దువాలిన వెనుక పల్లెలోనో సంతలోనో బోధ, చలికాలమున గుడారములతో సంచారము. వంతెనలు లేని యాసీమలో బ్రయాణ మనగా బడవ. 1847లో నారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట పనికి వేలకొలది కూలివాండ్రు గూడిరి. ఆ కూలివాండ్రలో, విశేషించి మాలకులమువారిలో, ఈ బోధ వేరూనెను. ఆనకట్ట వెనుక గాలువలు వచ్చెను. కాలువలతో లాకులు వచ్చెను. ఈ ‘లాకు’ అను శబ్దము గమనింపదగినది. ఆంగ్లేయశిల్పులు తెచ్చిన మాటకు కూలివాండ్రు తెలుగు ఉకారము జేర్చి, బహువచనమున ‘లాకులు’ చేసి, ఏ పండితుని యనుమతియు లేక వాడుకలోనికి దెచ్చిరి. అన్యదేశ్యము తెలుగగుటకు వలసినది నిఘంటువున జోటు గాదు, నోటిలో జోటు అని దీనివలన దెలియుచున్నది.

బౌడెన్, బీర్ వచ్చునాటికి తెలుగు నేర్చుకొను విదేశీయునకు గల సాధనములు స్వల్పములు. కేరీ వ్యాకరణము 1814లోను, కాంబెల్ వ్యాకరణము 1816లోను వెలువడినవి. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, డెగ్రాంజిలు ఆనందరాయరు అను బ్రాహ్మణక్రైస్తవుని సాయమున భాషాంతరీకరణమునకు బూనిరి; క్రాన్ 1809లోను, డెగ్రాంజి 1810లోను మృతినొందిరి. వారు సిద్ధపఱచిన సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయ్యెను. ప్రిచెట్టుగారి క్రొత్తనిబంధనము 1818లో చెన్నపట్టణమున వెలువడెను. బ్రౌనుదొర నిఘంటువునకు 1852 వఱకును, చిన్నయసూరి బాలవ్యాకరణమునకు 1858 వఱకును, వ్యావహారికరూపములకు గూడ జోటిచ్చిన ఆర్డెను వ్యాకరణమునకు 1873 వఱకును వేచియుండవలసివచ్చెను. కావున నీ బోధకులకు రెండు తెలుగులు వినబడుచుండెను: ఉదయమున మున్షీ చెప్పు గ్రాంథికము, సాయంకాలమున రేవులో బలుకు జానపదము. ముద్రణమునకు వారిలోకము మొదటిదానిని, సంభాషణమునకు రెండవదానిని గ్రహించెను. వారి భాషయందలి గుణదోషములలో బెక్కింటికి మూల మీ ద్వైధమే.

మొదట పదనిర్మాణమును బరీక్షింపవచ్చును. గ్రీకుమూలమున ‘మంచి’, ‘వార్త’ అను రెండవయవములు గల శబ్దమునకు ‘సువార్త’ యనుట అవయవశః సరిపోవుచున్నది, సమాసమును నిర్దుష్టము. మూలమందలి ముంచుట అను నర్థము గల శబ్దమును మాత్రము కథోలికులు ‘జ్ఞానస్నానము’ అని భాషాంతరీకరించిరి. ఇతరశాఖలవారు గ్రీకుశబ్దమునకే మువర్ణకము జేర్చి ‘బాప్తిస్మము’ అనిరి. మొదటిది యర్థము జెప్పును గాని స్నానమాత్రమను భ్రమకు దావిచ్చును. రెండవది యర్థము జెప్పదు, భ్రమయు గొలుపదు. సంస్కృతనపుంసకశబ్దములకు జేర్చు మువర్ణకమును యవనశబ్దమునకు జేర్చుట యపూర్వమే. కాని లాకునకు ఉకారము జేర్చిన న్యాయమే యిచ్చటను బ్రవర్తించెను.

‘మారుమనస్సు’ అను శబ్దము మిక్కిలి విచారార్హము. తప్పునకు వగచుట మాత్రమే యైనచో ‘పశ్చాత్తాపము’ చాలును. మూలశబ్దమునకు వగపుకంటె మనస్సు మఱలుట ముఖ్యార్థము. కావున భాషాంతరకర్తలు తెలుగుధాతువును దత్సమముతో గూర్చిరి. ఇది వైరిసమాసమని శంకింప నవసరము లేదు. ‘మనస్సు’ తెలుగువిభక్తికి లోబడిన తత్సమమగుటచే మిశ్రసమాసములలో జేరును. అసలు చిక్కు వేఱొక చోట నున్నది. ‘వీచు గాలి’, ‘పాఱు నీరు’ అనుచోట ధాతువు తద్ధర్మార్థమున విశేషణమగును. ఆ న్యాయమున ‘మాఱు మనస్సు’ అనగా నెప్పుడును మాఱుచుండు మనస్సు, అనగా జపలచిత్తము. ‘మాఱుపేరు’, ‘మాఱువేషము’ అనువానితో బోల్చినచో గపటచిత్తమను నర్థమైన దోపవచ్చును. వ్యుత్పత్తిచే నీ రెండర్థములును దుర్వారములు. అయినను కోనసీమపల్లెలలో నే శ్రోతయు నీ శబ్దమును జపలచిత్తమని గ్రహింపడు. యోగముకంటె రూఢి బలీయము. పంకజశబ్దము పంకమున బుట్టిన సర్వమును జెప్పక పద్మమునే చెప్పుట కొప్పుకొను వైయాకరణుడు మారుమనస్సునకు దోషమెన్నుట న్యాయము గాదు.

వృక్షనామములలో వీరి జాగరూకత మెచ్చదగినది. క్రైస్తవగ్రంథమున దఱచుగ వచ్చు ఫలవృక్షమునకు ‘అంజూరము’ అను పారసీకశబ్దమును గ్రహించిరి. జక్కయ్య యెక్కిన చెట్టునకు ‘మేడి’ యనిరి. రెండును మఱ్ఱిజాతికి జేరినవే. అంతటను మేడియే యనినచో దెలుగువానికి బయట మెఱుగు, లోపల బురుగు అను భావమే మొదట దోచును. అచ్చటి మంచిపండు చెడ్డపండగును. జక్కయ్య యెక్కిన చెట్టు జాతిచే మేడికి మిక్కిలి దగ్గఱిది గావున నచ్చట మేడియే తగినది. ఇట్టి వివేకము నిఘంటువును జూచి కలుగునది గాదు. జనులు పండును గూర్చి యేమనుకొందురో యెఱిగినవానికే కలుగును.

ఇక వాక్యరచన. ఇచ్చట దోషములు కలవు, వానిని గప్పిపుచ్చుట తగదు. ‘వ్రాయబడియున్నది’, ‘రక్షింపబడుదురు’, ‘పిలువబడినవారు’ అను కర్మణిప్రయోగములు పుటపుటకును గానవచ్చును. తెలుగున గర్మణిప్రయోగము విరళము. ‘వ్రాసియున్నది’, ‘రక్షణ పొందుదురు’ అనుట సహజము. ‘ఎవడు’ అని యెత్తికొని ‘వాడు’ అని ముగించు వాక్యములును అట్లే పెక్కు; ‘చేసినవాడు’ అను నొక్కమాటలో దెలుగు తీర్చుపనికి వీరు రెండు వాక్యములు పెట్టిరి. అయితే యీ దోషములు కేవలము సీమదొరలవే యనుట సత్యము గాదు. సంస్కృతశ్లోకములకు టీక వ్రాయుచు కర్మణిప్రయోగమును మాటకు మాటగ ‘బడు’తో దించుటయు, యత్తచ్ఛబ్దములను ‘ఎవడు, వాడు’ అని మార్చుటయు పండితుల చిరాభ్యాసము. మున్షీకి దెలిసిన భాషాంతరపద్ధతి యదియే. శిష్యునకు నతడు దానినే నేర్పెను. కావున ‘పాదిరితెలుగు’ అని యీసడించు లక్షణములలో గొన్ని పండితుల టీకాతెలుగునకు నీడలు.

పదములకంటెను వాక్యములకంటెను సూక్ష్మమైన పరీక్ష యొకటి కలదు: మేము, మనము అను భేదము. ఆంగ్లేయమునగాని, గ్రీకునగాని, సంస్కృతమునగాని యీ భేదము లేదు. తెలుగున నెదుటివానిని గలుపుకొనినచో మనము, విడిచినచో మేము. ఇంగ్లండునుండి వచ్చినవాడు నోరు దెఱచినప్పు డెల్ల నీ రెంటిలో నొకదాని నెన్నుకొనక తీఱదు. దేవుని సంబోధించి ‘మన పాపములను క్షమింపుము’ అనినచో దేవుడును బాపులలో జేరును. కావున బ్రార్థనమున ‘మా’ యనియే యుండవలెను. క్రీస్తు శిష్యులకు నేర్పిన ప్రార్థన తెలుగున ‘మా’ అనియే యున్నది. భాషాంతరకర్త లచ్చట దప్పలేదు. పత్రికలలో, అనగా నపొస్తలులు సంఘములకు వ్రాసిన లేఖలలో, ‘మన ప్రభువు’ అని వచ్చును. వ్రాసినవాడును విన్నవాడును అచ్చట నేకమగుదురు.

ఈ భేదము వ్యాకరణముతో దీఱునది గాదు. సంతలో నిలిచి ‘మీరు పాపులు’ అనువాడు శ్రోతలకు వెలుపల నిలిచినవాడు. ‘మేము మీకు చెప్పుచున్నాము’ అనువాడు దొరల గుంపున నిలిచి పలుకువాడు. ‘మనము పాపులము’ అనువాడు మాత్రమే శ్రోతల ప్రక్కకు వచ్చినవాడు. పరదేశి యధికారి మనుష్యులతో నొకే రంగు గలవాడై, వారి రాజ్యపు నీడలో నుండి ‘మనము’ అనుట యెంతవఱకు సత్యము? జ్వరములకును గలరాకును లోబడి, బిడ్డల నీ నేలలో బాతిపెట్టుకొని, దశాబ్దములు గడపినవారి నోట నది కొంతవఱకు సత్యమగును. బంగళావసారాలో నిలిచి యుపదేశించినవాని నోట నది యలంకారమాత్రము. ఒకే మిషనులో, ఒకే మనుష్యునియందుసయితము ఈ రెండును గలసియుండవచ్చును. తెలుగు సర్వనామ మీ రహస్యమును దాచనీయదు.

పూర్ణమైన ‘మనము’ విదేశీయులవలన గాక తెలుగుక్రైస్తవులవలననే సిద్ధించెను. పురుషోత్తమ చౌదరి (1803–1890) రాగతాళములు గూర్చి కీర్తనలు రచించినపుడు వాక్యమునకు దెలుగునడక తనంత వచ్చెను. పాటకు ‘బడు’ బరువు. పాడువాడును వినువాడును ఒక్కడగుటచే సర్వనామమునకు సందియము లేకపోయెను.

ఇట్లు ఫలితమును జూడగా నొక విశేషము పొడగట్టును. గ్రాంథికభాషాపక్షమునకు నాయకుడై 1911లో ఆంధ్రసాహిత్యపరిషత్తును స్థాపించిన జయంతి రామయ్యపంతులుగారు కోనసీమయందలి ముక్తేశ్వరమువారు. అదే కోనసీమలో బండితులు తమ సొత్తని తలచిన ‘వినుడి’, ‘చేసెదను’, ‘పలికెను’ అను రూపములను ఆదివారమునాడు చదువుచు, ప్రార్థనమున బలుకుచు నిలిపినవారిలో మాల మాదిగ పల్లెల శ్రమజీవులు ముఖ్యులు. ఏ కులములవారిని గ్రాంథికవిద్య తన వాకిట నిలువనీయలేదో, వారి నోట నది నిత్యవ్యవహారమున జీవించెను. పత్రికలును బాఠ్యగ్రంథములును వ్యావహారికమునకు దిరిగిన పిదపను ఆ పాత భాషాంతరము పఠనమున నిలిచియున్నది. సులభభాషలో గ్రొత్త యనువాదములు వచ్చినను దాని గౌరవము తఱగలేదు.

దీనికి వెల లేకపోలేదు. రేవులలోను లంకలలోను బోధకులు చెవులార విన్న కోనసీమ పలుకుబడి యచ్చులోనికి రాలేదు. విశాఖపట్టణమునుండి నెల్లూరి వఱకు నొకే గ్రంథము చెల్లవలెనను నియమము దానికి గారణమని చెప్పవచ్చును. కారణము చాలినదే, నష్టమును నిజమే. పొలములో నొక తెలుగు, ప్రార్థనమున నొక తెలుగు అను తెర యానాడే పడెను. దేవునితో మాటలాడుటకు దన మాట చాలదని తలచు నభ్యాసము, సంస్కృతము వినా దేవుడు వినడనుకొను నభ్యాసమున కెంతయో దూరమైనది గాదు.

నిర్ణయ మిట్లుండును. పదనిర్మాణమున వీరు సమర్థులు. వాక్యరచనమున దోషులు, అందు పండితులును భాగస్వాములు. సర్వనామమున వారివారి జీవనమును బట్టి యొకరు సత్యులు, ఒకరు గారు. ఇట్టి విభాగము చేయక సమష్టిగ నిందించుటయు బొగడుటయు శాస్త్రము గాదు. పాఠశాలాపండితులు ‘మారుమనస్సు’, ‘సువార్త’ వంటి శబ్దములను మతశబ్దములని విడువక, పందొమ్మిదవ శతాబ్దమున దెలుగు క్రొత్తయర్థములను మోయనేర్చిన తీరునకు ఉదాహరణములుగ సమాసపాఠమున జూపవలెను. పల్లెసంఘములలో వృద్ధులు నోటితో చేయు ప్రార్థనలను, వానియందలి గ్రాంథికరూపములను జానపదములతో గూడ సేకరించి యర్థనిర్ణయము చేయుట పరిశోధకులకు మిగిలియున్న పని. ఆ వృద్ధులు తఱిగిపోవుచున్నారు. అచ్చులో లేని యా తెలుగునకు వారే యాకరము.