ఆడ బాణాయి, ఈడ కేతమ్మ

లష్కర్ వారం జనం చాలామంది వెళ్లిపోయారు. కొమురవెల్లి మల్లన్న జాతరలో ఓ చెట్టు నీడన ఒగ్గు పూజారి పట్నం ముగ్గు వేస్తున్నాడు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి పిడికిట్లోంచి సన్నగా జారుతున్నాయి. పక్కన డోలు. సంక్రాంతి తర్వాత మొదటి ఆదివారం హైదరాబాదు వాళ్లది కాబట్టి పట్నం వారం, రెండోది సికింద్రాబాదు వాళ్లది కాబట్టి లష్కర్ వారం.

ఒగ్గు కథకుడు పాటలోంచి మాటలోకి, మల్లన్న గొంతులోంచి ఆయన భార్య కేతమ్మ గొంతులోకి ఇట్టే దూకుతాడు. ఇలా పాటా మాటా కలిసి నడిచే సరదా నాటకాన్ని ఐరోపాలో ఆపరెట్టా అంటారు. 1931లో జర్మనీ ఊఫా కంపెనీ అలాంటి సినిమా ఒకటి తీసింది, ‘డెర్ కొంగ్రెస్ టాంజ్ట్’. మన కాంగ్రెస్ కాదు లెండి, నెపోలియన్ ఓడాక వియన్నాలో రాజులు పెట్టుకున్న కొలువు. డబ్బింగ్ ఇంకా కుదురుకోని రోజులు. అందుకే జర్మన్‌లో, ఫ్రెంచ్‌లో, ఇంగ్లిష్‌లో విడివిడిగా తీశారు. నాయిక లిలియన్ హార్వే మూడింటిలోనూ తనే. హీరో మాత్రం జర్మన్‌కు విలీ ఫ్రిట్ష్, మిగతా రెంటికీ ఆన్రి గారా.

అదే ఏడాది అక్టోబర్ 31న మద్రాసులో విడుదలైంది హెచ్.ఎం.రెడ్డి ‘కాళిదాస్’. మనవాళ్లకు మూడుసార్లు తీసే ఓపికా లేదు, డబ్బూ లేదు. ఒకే సినిమాలో టి.పి.రాజలక్ష్మి తమిళం మాట్లాడితే, హీరో వెంకటేశన్ తెలుగులో బదులిచ్చాడు. మధ్యలో త్యాగరాజ కీర్తనలు. దీన్ని చాలామంది వింతగా చెబుతారు. నాకైతే జాతర చూసినవాడి చెవికి అది వింతే కాదనిపిస్తుంది. ఆ సినిమా రీలు ఇప్పుడు ఎక్కడా దొరకదు, అదొక్కటే బాధ.

మల్లన్న కథా రెండు భాషల్లో ఉంది. మరాఠీలో ఆయనే జేజూరి ఖండోబా, ఆయనకూ ఇద్దరు భార్యలే. వర్తకులైన వాణి ఇంటి మ్హాళసా, గొర్రెలు కాసే ధన్‌గర్ల బాణాయి. మన మల్లన్నకు బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. ఊఫా వాళ్లు కథను ఉంచి హీరోను మార్చినట్టే, ఇక్కడ దేవుణ్ని ఉంచి పెళ్లాల పేర్లు మార్చారు. మరాఠీ కథను ఎవరైనా తెలుగులోకి తెచ్చారా అని పూజారిని అడిగాను. పిండి రాలుస్తూనే అన్నాడు:

“తెచ్చుడేంది సారూ? ఆడ బాణాయి, ఈడ కేతమ్మ. గొర్లు అవే.”

డోలు మళ్లీ అందుకుంది. నేను పట్నం అంచు తొక్కకుండా కాళ్లు వెనక్కి తీసుకున్నాను.