పంచమస్కంధమున చంద్రదూరము – ఒక విమర్శ

పోతన భాగవతముగా ప్రసిద్ధమైన గ్రంథమున పంచమస్కంధము గంగన రచన యని సాహిత్య విద్యార్థు లెఱుగుదురు. అందలి ఖగోళవర్ణనము సంస్కృతమూలము ననుసరించి చంద్రుని సూర్యునికంటె లక్ష యోజనముల యెత్తున నిలిపినది. ఈ భాగము పాఠముగా వచ్చినపుడు బోధకులు తఱచుగా రెండు మార్గములలో నొకదానిని త్రొక్కుదురు. ప్రాచీనులకు తెలియలేదని నవ్వి విడుచుట యొకటి. వారికి సర్వము తెలియునని సమర్థించుట మఱియొకటి. ఈ రెండును విమర్శమార్గములు కావని మా యభిప్రాయము.

ఆదిలాబాదు జిల్లా ఇచ్చోడలో ఈ విషయమును మేము ప్రస్తావించినపుడు ఒక విద్యార్థి వేసిన ప్రశ్న ఈ వ్యాసమునకు ప్రేరకము. ఆ ప్రాంతమునకు సమీపమున నున్న కేస్లాపూరులో మెస్రం వంశీయులైన గోండులు ఏటేట పుష్య అమావాస్యరాత్రి నాగోబాకు మహాపూజ చేయుదురు. "సార్, పుస్తకంల చంద్రుని దూరమే తప్పైతే, అమాస తప్పకుండ ఎట్లొస్తున్నది?" అని యతని ప్రశ్న. ఇది చిన్న ప్రశ్న కాదు. పురాణమును, గణితమును ఒకే గంపలో నెత్తుకొను మన యలవాటును ఇది పట్టి చూపుచున్నది.

అమావాస్యను నిర్ణయించునది దూరము కాదు, సూర్యచంద్రుల గతి. ఆ గతిని గణించిన శాస్త్రము పురాణము కాదు, సిద్ధాంతము. సూర్యసిద్ధాంతము గ్రహకక్ష్యలలో చంద్రకక్ష్యను అన్నిటికంటె భూమికి సమీపమున నుంచినది. చంద్రుడు సూర్యుని క్రిందనే లేనిచో సూర్యగ్రహణమున సూర్యబింబమును కప్పుట పొసగదు. ఆ గ్రంథము చంద్రకక్ష్యాపరిధిని 3,24,000 యోజనములుగను, భూవ్యాసమును 1,600 యోజనములుగను చెప్పినది. వీనినిబట్టి చంద్రదూరము భూవ్యాసార్ధమునకు సుమారు 64 రెట్లగును. నేటి శాస్త్రము చెప్పు సగటు దూరము 3,84,400 కిలోమీటర్లు. అనగా సుమారు 60 రెట్లు. యోజనమునకు ప్రమాణమెంత యను వివాదము ఈ పోలికకు అడ్డురాదు. నిష్పత్తిలో యోజనము తానే తొలగిపోవును.

ఈ సూర్యసిద్ధాంతమునకు మల్లికార్జునసూరి మొదట తెలుగున వ్యాఖ్య రచించి, పిదప 1178లో సంస్కృతవ్యాఖ్యను రచించెను. గంగన 15వ శతాబ్దివాడు. కాన పంచమస్కంధమును తెలుగువారి ఖగోళజ్ఞానమునకు హద్దుగా గ్రహించుట చెల్లదు. పురాణకర్త లోకములను ఒకదానిపై నొకటిగా పేర్చి పరమపదమువఱకు పాఠకుని నడిపించినాడు. అది మెట్లవరుస, కొలబద్ద కాదు. అనువాదకుడు మూలమునకు విధేయుడైనాడు. ఆ యెత్తును మెట్టుగా చదివినచో పద్యము నిలుచును. కొలతగా చదివినచో పద్యమును చెడును, గణితమును చెడును.

ఇక సమర్థకుల పక్షము. చంద్రుని దూరము మారుచుండునని సిద్ధాంతకర్తలు గ్రహించిన మాట నిజము. చంద్రుడు శీఘ్రముగా నడచునపుడు బింబము పెద్దదిగను, మందముగా నడచునపుడు చిన్నదిగను నుండునని వారు స్ఫుటగతినిబట్టి బింబమానమును సవరించిరి. నేటి కొలతలలో నీ దూరము సుమారు 3,56,000 మొదలు 4,07,000 కిలోమీటర్ల వఱకు మాఱుచుండును. 1980 ఫిబ్రవరి 16న జపాల్-రంగాపురమున చంద్రుడు సూర్యుని పూర్తిగా కప్పగా, 2010 జనవరి 15న రామేశ్వరమున చుట్టును ఉంగరము మిగులుటకు ముఖ్యహేతు వీ మార్పే.

కాని దీనినుండి యొక్క అడుగు ముందునకు వేసి, చంద్రుడు నానాటికి భూమికి దూరమగుచున్నాడను సంగతియు మనవారికి తెలియుననుట సాహసము. ఆ మార్పు వేఱు. సముద్రమునకు పోటుపాటులు కలిగించు చంద్రాకర్షణము వలన భూమియందు ఉబ్బు ఏర్పడును. భూభ్రమణము చంద్రగతికంటె వేగవంతమగుటచే ఆ ఉబ్బు చంద్రునికంటె ముందునకు జరిగి యతనిని ముందునకు లాగును, కక్ష్య పెరుగును, భూమి వేగము తగ్గి దినము దీర్ఘమగును. 1969లో అపోలో-11 యాత్రికులు చంద్రునిపై నుంచిన దర్పణములనుండి మరలివచ్చు లేసరు కిరణముల కాలమును కొలిచి, ఏటికి సుమారు 3.8 సెంటీమీటర్ల చొప్పున చంద్రుడు తొలగుచున్నాడని నిర్ధారించిరి. ఈ లెక్కన మల్లికార్జునసూరి నాటినుండి నేటివఱకు చంద్రుడు జరిగినది సుమారు 32 మీటర్లు. ఒక్క నెలలోనే సుమారు 50 వేల కిలోమీటర్లు అటునిటు జరుగు బింబమున ఈ 32 మీటర్లను కంటితో పట్టగల ఋషి యుండడు. తెలియనిదానిని తెలిసినదిగా చెప్పుట పూర్వులకు గౌరవము కాదు. వారు నిజముగా సాధించినదానిని మఱుగుపఱచుటయే.

ఇచ్చోడ ప్రాంతపు భాషలను జూడుడు. తెలుగున నెల యనగా చంద్రుడు, మాసము కూడ. కోలామీలో చంద్రునకు పేరు నెలయే. గోండీలోని నెలెంజు దానికి జ్ఞాతి. ఈ పదము దూరమును కొలువలేదు. మరలివచ్చుటను మాత్రమే లెక్కించినది. కాని దూరము పెరిగినకొలది చంద్రుని చుట్టు దీర్ఘమగును గదా! నింగిలోని నెల తొలగినకొలది లెక్కలోని నెలయు సాగుచున్నదన్నమాట. ఈ సంబంధము పదమును కల్పించినవారికి తెలిసినది కాదు. నేడు మనకు తెలిసినది. ఆ తేడాను చెఱుపక చెప్పుటయే బోధకుని ధర్మము.

ఆ విద్యార్థికి మే మిచ్చు సమాధాన మిదియే: పుస్తకము తప్పలేదు, అమావాస్యయు తప్పలేదు, ఒక గ్రంథమునకు వేయవలసిన ప్రశ్నను మఱియొక గ్రంథమునకు వేయుట మన తప్పు.