తాళ్లపాక చిన్నన్న: తాత చరిత్ర రాసిన మనుమడు

1. పరిచయం

తెలుగునాట పండిత కుటుంబాలు చాలా ఉన్నాయి. మూడు తరాల పాటు ఇంటిల్లిపాదీ కవిత్వం చెప్పిన కుటుంబాలు మాత్రం అరుదు. రాజంపేట సమీపంలోని తాళ్లపాక అలాంటి కుటుంబానికి స్వగ్రామం. అన్నమాచార్యుడు (1408–1503) వేల సంకీర్తనలు రచించాడు. ఆయన భార్య తిమ్మక్క ‘సుభద్రా కల్యాణం’ రాసింది. కుమారుడు పెదతిరుమలాచార్యుడు కూడా సంకీర్తనకర్తే. ఈయన కుమారుడు తిరువేంగళనాథుడు. సాహిత్యలోకం ఎరిగిన పేరు చిన్నన్న. కాలం 16వ శతాబ్ది. ఇంతమంది కవుల మధ్య పుట్టినవాడు తనదంటూ ఏం చేశాడు? ఈ పాఠంలో మనం విచారించవలసింది ఇదే.

2. ద్విపద ఎన్నిక

‘పరమయోగి విలాసం’, ‘అష్టమహిషీ కల్యాణం’, ‘ఉషా కల్యాణం’, ‘అన్నమాచార్య చరిత్రము’ చిన్నన్న ప్రసిద్ధ రచనలు. నాలుగూ ద్విపదలే. అది ప్రబంధాలకు పట్టం కట్టిన కాలం. పాల్కురికి సోమనాథుడు గౌరవం తెచ్చినా, ద్విపదను పండితులు చిన్నచూపు చూడడం మానలేదు. అయినా చిన్నన్న దాన్ని వదల్లేదు.

ఇందులో ఇంటి ప్రభావం ఉంది. తిమ్మక్క కావ్యం, అన్నమయ్య ‘శృంగార మంజరి’ రెండూ మంజరీ ద్విపదలో ఉన్నవే. అంటే ఛందస్సు వారసత్వంగా వచ్చింది. దాన్ని తన తాత జీవితకథకు వాడుకోవడం చిన్నన్న చొరవ.

3. అన్నమాచార్య చరిత్రము

ఈ కావ్యంలో ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటుంది. కవి తన వంశ గొప్పతనాన్ని ఒక మహాపండితుడితో మొదలుపెట్టలేదు. చదువు అబ్బక గురువు చేత దెబ్బలు తిన్న పిల్లవాడి కథ చెప్పాడు. అన్నమయ్య తాత నారాయణయ్య ఆ అవమానం భరించలేక, ప్రాణం తీసుకోవాలని చింతలమ్మ గుడి దగ్గర పాముపుట్టలో చెయ్యి పెట్టాడు. అమ్మవారు ప్రత్యక్షమై, అతని మూడో తరంలో హరిభక్తుడు పుడతాడని చెప్పింది.

అన్నమయ్య కథ కూడా ఇంటిపనితోనే మలుపు తిరుగుతుంది. గడ్డి కోస్తుండగా కొడవలి వేలికి తెగి, ఆ బాలుడు విరక్తి చెంది తిరుమల దారి పట్టాడు. పుట్ట, కొడవలి, గడ్డి వంటి రాయలసీమ పల్లె వస్తువులు మహిమల కథకు నేలను చూపిస్తాయి. చిన్నన్న కవిత్వబలం ఇక్కడే ఉంది.

4. దీన్ని చరిత్రగా ఎంతవరకు నమ్మాలి?

నందికొట్కూరులోనైనా రాజంపేటలోనైనా తాతముత్తాతల కథలు చెప్పేటప్పుడు ఇంటివాళ్లు అభిమానం కలిపే చెబుతారు. చిన్నన్న కూడా అంతే. తనమీద పదం చెప్పమని అడిగిన సాళువ నరసింహరాయుడిని అన్నమయ్య కాదన్నాడనీ, వేయించిన సంకెళ్లు పాటతో ఊడిపోయాయనీ రాశాడు. సంకెళ్లు ఊడడం భక్తుల విశ్వాసం. దాన్ని రుజువు చేయబూనడం గానీ, గేలి చేయడం గానీ విమర్శకుడి పని కాదు.

ఈ కథను మనుమడు ఎందుకు ఎంచుకున్నాడన్నది అసలు ప్రశ్న. చిన్నన్న నాటికి తాళ్లపాకవారు సంపన్నులు. పెదతిరుమలాచార్యుడు స్వామికి సమర్పించిన దానాలు తిరుమల శాసనాలలో ఉన్నాయి. అలాంటి ఇంట్లో పుట్టిన కవి, రాజుకు తలవంచని తాతను కళ్లకు కట్టించాడు. కలిమి వచ్చాక కూడా ఇంటివారు మరవకూడని విలువ ఇదని అతని భావం కావచ్చు.

అన్నమయ్య కాలనిర్ణయానికి సంకీర్తనల రాగిరేకు ఆధారం. జీవిత వివరాలకు ప్రధానాధారం ఈ కావ్యమే. వేటూరి ప్రభాకరశాస్త్రి దీన్ని పరిష్కరించి, విపులమైన పీఠికతో వెలుగులోకి తెచ్చారు. కావ్యంలో ఒక లోటు కూడా ఉంది. భక్తుడు కనిపించినంత స్పష్టంగా పాట కట్టే వాగ్గేయకారుడు కనిపించడు.

5. సారాంశం

వంశం చిన్నన్నకు వస్తువునూ ఛందస్సునూ ఇచ్చింది. ఆ వస్తువులో ఏది చెప్పాలో ఎంచుకున్నది అతడే. కవికుటుంబంలో పుట్టిన కవిని అంచనా వేయడానికి ఆ ఎంపికే కొలబద్ద.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నారాయణయ్య కథతో కావ్యానికి కలిగిన ప్రయోజనం ఏమిటి?
2. సంకెళ్ల ఘట్టంలో చారిత్రకాంశాన్ని, విశ్వాసాన్ని, కవి ఉద్దేశాన్ని వేరుచేసి వివరించండి.