హాస్టల్ చరిత్రలో మన పిల్లలెక్కడ?

మిషన్ హాస్టళ్ల గురించి మన గూడేల్లో రెండు మాటలు వినిపిస్తాయి. "వాళ్లు రాకపోతే మనకు అక్షరం ఎక్కడిది?" అనేది ఒకటి. "అన్నం పెట్టి మతం మార్చారు" అనేది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే ఈ వాదంలో మాట్లాడేది మిషన్ వాళ్లు, లేదా మిషన్‌ను తిట్టేవాళ్లు. అక్కడ చాప పరుచుకుని పడుకున్న పిల్లలు ఏమనుకున్నారో ఎవరూ రాయలేదు. ఆ చరిత్రను ఆదివాసీ ఉపాధ్యాయులుగా మనం ఇక్కడి నుంచే విమర్శించాలి.

ఉమ్మడి వరంగల్‌లో ఈ చరిత్ర పాతదే. 1879లో అమెరికన్ బాప్టిస్టులు హనుమకొండలో మిషన్ పెట్టారు. డోర్నకల్‌లో తిరునెల్వేలి నుంచి వచ్చిన వి.ఎస్. అజరయ్య 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆయనే మొదటి భారతీయ బిషప్. ఈ మిషన్ల బడులకు, బోర్డింగులకు ఎక్కువగా వచ్చింది దళిత పిల్లలు. కోయ పిల్లల సంగతి తెలియాలంటే ఏటూరునాగారం నుంచి గోదావరి వెంట కిందికి, దుమ్ముగూడెం దాకా వెళ్లాలి.

అక్కడ గోదావరిలో పడవలు నడిపే పనులకు వచ్చిన ఇంజనీరు హేగ్ చొరవతో 1860 ప్రాంతంలో చర్చి మిషనరీ సొసైటీ కోయ మిషన్ మొదలైంది. తర్వాత జాన్ కెయిన్ అనే మిషనరీ చాలాకాలం అక్కడ పనిచేశాడు. కోయల పెళ్లిళ్లు, చావులు, వేల్పుల గురించి 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో రాశాడు. లూకా సువార్తను కోయ భాషలోకి తెచ్చాడు. 1909లో థర్‌స్టన్ తన కులాలు, తెగల గ్రంథంలో కోయల గురించి రాసినప్పుడు కెయిన్ రాతలనే వాడుకున్నాడు. ఈ రాతలు మనకు పనికొస్తాయి, కాదనం. కానీ వాటిలో కోయలు కనిపిస్తారే తప్ప మాట్లాడరు. మన భాష పుస్తకంలోకి ఎక్కింది, మన మాట ఎక్కలేదు.

ఇలాంటి చరిత్రల్లో లెక్కలకు మాత్రం కొదవ ఉండదు. 1876-78 కరువు తర్వాత ఒంగోలు మిషన్ 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. ఆ అంకెను అందరూ చెబుతారు. ఆ మనుషుల్లో ఎందరి పేర్లు చెబుతారు? 1959లో జర్మనీలో ప్రొటెస్టెంటు క్రైస్తవులు భారతదేశ పిల్లల కోసం కిండర్‌నోట్‌హిల్ఫె సంస్థ పెట్టారు. దాత ఒక పిల్లవాడిని చదివించే పద్ధతి అలా ఇక్కడి హాస్టళ్లకూ వచ్చింది. ఎందరో పిల్లలు దాని వల్ల చదువుకున్నారు. అయితే ఇలాంటి పద్ధతిలో పిల్లవాడి పేదరికమే వాడి గుర్తింపు కార్డు అయ్యే ప్రమాదం ఉంది. కృతజ్ఞత చెప్పడం నేర్పినంత బాగా ప్రశ్నించడం నేర్పగలమా?

ప్రభుత్వం ఏం చేసిందో కూడా చూడాలి. 1943లో నిజాం పాలనలో హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులకే శిక్షణ ఇచ్చి ఉపాధ్యాయులను చేశాడు, గోండి భాషలో చదువు మొదలుపెట్టించాడు. తర్వాత వచ్చిన ఆశ్రమ పాఠశాలలు ఆ దారి వదిలేసి బోర్డింగు పద్ధతినే పట్టుకున్నాయి. పిల్లవాడిని గూడెం నుంచి తెచ్చి, అన్నం పెట్టి, తెలుగులో పాఠం చెప్పడమే చదువైంది. కోయతో సహా 8 ఆదివాసీ భాషల్లో చదువు చెప్పే ప్రయత్నం 2004లో గానీ మొదలుకాలేదు. ఏజెన్సీ బడుల్లో స్థానిక ఆదివాసీలే ఉపాధ్యాయులుగా ఉండాలన్న 2000 నాటి జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మిషన్‌ను విమర్శించే నోటితోనే దీన్నీ విమర్శించకపోతే మన విమర్శ సగమే అవుతుంది.

కెనడాలో ఆదివాసీ పిల్లలను చట్టం పేరుతో తీసుకుపోయి చర్చీలు నడిపే బడుల్లో ఉంచారు. ఇక్కడ అలాంటి బలవంతపు చట్టం లేదు. చాలామంది తల్లిదండ్రులు ఆకలికి, చదువు మీద ఆశకు పంపారు. రెండింటినీ ఒకటే అనడం తప్పు. కానీ అక్కడి నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఆ బడుల్లో చదివిన వేలమంది నోటి మాట విని, 2015లో ఒక కమిషన్ నివేదిక రాసింది. చరిత్ర అప్పుడు పిల్లల వైపు నుంచి మొదలైంది.

ఆ పని మనమూ చేయవచ్చు. మన ఊళ్లలో హాస్టల్లో చదివిన పెద్దలు ఇంకా ఉన్నారు. యువకులారా, వాళ్ల దగ్గర కూర్చుని అడగండి. హాస్టల్లో చేరేటప్పుడు పేరు మార్చారా? కోయలో మాట్లాడితే ఏమన్నారు? కొత్తల పండుగకు, మేడారం జాతరకు ఇంటికి పంపారా? ఆదరించిన టీచర్ ఎవరు, కొట్టిన వార్డెన్ ఎవరు? మంచీ చెడూ రెండూ రాయండి. తోటి ఉపాధ్యాయులారా, ఇవే ప్రశ్నలు రేపు మన ఆశ్రమ పాఠశాల పిల్లలు మన గురించి అడుగుతారు. హాజరు పట్టీలో మనం రాస్తున్నది అంకెలే. ఆ పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, వాళ్లను ఇంట్లో ఏమని పిలుస్తారో కూడా తెలుసుకుందాం.