1830: ఒక సంవత్సరం, మూడు జాబితాలు

పోటీపరీక్షల కోసం అచ్చయ్యే జనరల్ నాలెడ్జి పుస్తకాలలో ఒక ఆనవాయితీ ఉంది. పైన సంవత్సరం వేస్తారు. కింద ఆ ఏట జరిగిన ముఖ్య సంఘటనలు, పుట్టిన ప్రముఖులు, మరణించిన ప్రముఖులు వరసగా ఉంటాయి. చోడవరంలో మా బడి పిల్లలు గోడపత్రిక కోసం అలాంటి పుస్తకంలోంచి 1830ని ఎత్తి రాశారు. జూలైలో పారిస్ ప్రజలు మూడు రోజులు వీధిపోరాటం చేసి పదవ ఛార్లెస్ రాజును గద్దె దించారు. సెప్టెంబరు 15న లివర్‌పూల్ - మాంచెస్టర్ రైలుమార్గం ప్రారంభమైంది. బెల్జియం స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. స్టెంథాల్ నవల 'ఎరుపు - నలుపు' వెలువడింది. లూయీ మిషెల్, ఎమిలీ డికిన్సన్ పుట్టారు. సైమన్ బొలీవర్ మరణించాడు. కాగితం నిండింది. ఇందులో తప్పు ఒక్కటీ లేదు. తెలుగువాళ్ల ఊసు కూడా ఒక్కటీ లేదు.

ఈ లోటు చూసినప్పుడు మనం సాధారణంగా రెండు పనులలో ఏదో ఒకటి చేస్తాం. ఒకటి సిగ్గుపడటం. ఐరోపా అంత కదిలిపోతున్న కాలంలో మనవాళ్లు జమీందారుల నీడన ప్రబంధాలకు నకళ్లు రాసుకుంటున్నారనీ, ఆధునికత మన గడప తొక్కడానికి వీరేశలింగం దాకా ఆగవలసి వచ్చిందనీ ఒప్పేసుకోవటం. రెండవది పౌరుషపడటం. ఆ ఏట పుట్టిన తెలుగు ప్రముఖుణ్ణి ఎవరినో వెతికి తెచ్చి జాబితాలో ఇరికించటం. ఈ రెండు పనులూ జాబితాను మాత్రం ప్రశ్నించవు. ఆ సంవత్సరంలో ఏది ముఖ్యమో ఎవరు నిర్ణయించారు, ఏ కొలతతో నిర్ణయించారు అని అడగవు. సంఘటనల జాబితా చరిత్రలా కనిపిస్తుంది గాని, నిజానికి అది విమర్శ. ఏరటం, వదిలిపెట్టటం, పక్కపక్కన పెట్టటం - మూడూ విమర్శకుడు చేసే పనులే. అయితే విమర్శకుడు వ్యాసం కింద సంతకం పెడతాడు. జాబితా కింద ఎవరి సంతకమూ ఉండదు.

పుట్టినవారి వరసనే చూద్దాం. లూయీ మిషెల్ 1830 మే 29న ఒక ఫ్రెంచి పల్లెటూళ్లో పుట్టింది. బడిపంతులమ్మ అయింది. 1871 పారిస్ కమ్యూన్‌లో తుపాకి పట్టి నిలబడింది, న్యూ కాలెడోనియా ద్వీపానికి ప్రవాసశిక్ష అనుభవించింది. ఎమిలీ డికిన్సన్ అదే ఏడు డిసెంబరు 10న అమెరికాలో పుట్టింది. ఆమె రాసిన దాదాపు 1800 కవితలలో బతికుండగా అచ్చయినవి పదీ పన్నెండుకు మించవు. మొదటి సంపుటం ఆమె పోయిన నాలుగేళ్లకు, 1890లో వచ్చింది. పుట్టిన నాడు వీరిద్దరిలో ఎవరూ చరిత్ర కారు. తరవాత వచ్చిన పోరాటాలు, తరవాత వచ్చిన పాఠకులు వెనక్కి వెళ్లి వారి జన్మదినాలను 1830లో రాసిపెట్టారు. గ్రంథాల విషయమూ ఇంతే. ఒక గ్రంథం ఏ ఏటి సంఘటన అన్నది అది పుట్టిన తేదీ ఒక్కటే తేల్చదు. దాన్ని తమదనుకున్న పాఠకలోకం తేలుస్తుంది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. లూయీ మిషెల్ పుట్టడానికి సరిగ్గా పదకొండు రోజుల ముందు, 1830 మే 18న, ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయలుదేరాడు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు, అంటే దుబాసీ. దాదాపు నూరుమంది పరివారంతో కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరాడు. గయ, కలకత్తా చూసి, పూరీ, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమండ్రి దారిన 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరుకున్నాడు. దారి పొడుగునా చూసినదాన్ని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు తెలుగులో రాసి పంపుతూ వచ్చాడు. 1836లో వీరాస్వామయ్య పోయాడు. 1838లో శ్రీనివాసపిళ్ల దాన్ని 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చువేయించాడు. 1869లో మళ్లీ అచ్చయింది. ఆ తరవాత దిగవల్లి వేంకటశివరావు 1941లో పరిష్కరించి ప్రకటించేదాకా డెబ్భైరెండేళ్లు అది చదువరుల చేతికి అందలేదనే చెప్పాలి.

ఈ గ్రంథం మీద మన విమర్శలో రెండు తీర్పులు వినిపిస్తాయి. ఇది తీర్థయాత్రకు పోయిన ఒక కుంఫిణీ ఉద్యోగి దినచర్య, ప్రజాసాహిత్యంతో దీనికి సంబంధం లేదన్నది ఒకటి. ఇదే తొలి ఆధునిక తెలుగు వచనం, వాడుకభాషకు ముందు జెండా అన్నది రెండవది. మొదటిది గ్రంథాన్ని రచయిత వర్గంతో సరిపెట్టేస్తుంది. రెండవది గ్రంథాన్ని అది పుట్టిన పరిస్థితి నుంచి ఊడబెరుకుతుంది. రెండింటికీ దొరకనిది ఒకటుంది: ఆయన వృత్తి.

దుబాసీ పని ఏమిటి? సాక్షి ఒక భాషలో చెప్పినదాన్ని న్యాయమూర్తి భాషలోకి తేవటం. అలంకారం పనికిరాదు. పొడిగించకూడదు, కుదించకూడదు. ఊరి పేరు, దూరం, సొమ్ము, కొలత ఖచ్చితంగా చెప్పాలి. 'కాశీయాత్ర చరిత్ర'లో మజిలీకి మజిలీకి మధ్య దూరం, దారి మెరక పల్లాలు, నీటివసతి, దినుసులు దొరికేదీ దొరకనిదీ, ఏ సీమలో ఏ నాణెం చెల్లుతుందీ, ఏ ఊళ్లో ఏ కులాల ఇళ్లున్నాయీ - ఇవన్నీ సాక్ష్యం నమోదైనట్టు నమోదవుతాయి. అరవం, ఉర్దూ, కచేరీ సంస్కృతం కలిసిన మద్రాసు తెలుగులోనే నమోదవుతాయి. కావ్యానికి పనికిరాని బియ్యం, నెయ్యి, మంచినీళ్ల బావి తెలుగు వచనంలోకి ఇలా వచ్చి కూర్చున్నాయి. పండితుల పీఠం మీద కాదు, కోర్టు బోనులో నేర్చుకున్న వచనం ఇది. దాని బలం అదే.

అదే కాలంలో బయటి లోకంలో ఏం జరుగుతోందో చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. 1830 శరదృతువులో పుష్కిన్ బోల్దినో అనే పల్లెలో చిక్కుకుపోయాడు. కలరా వల్ల దారులు మూసేశారు. 1817లో బెంగాలులో చెలరేగి దేశాలు పాకడం మొదలుపెట్టిన రోగమది. అక్కడ కూచుని ఆయన 'బేల్కిన్ కథలు' రాశాడు. మరుసటేడే అవి అచ్చయ్యాయి. పొట్టి వాక్యాలతో, చిన్న మనుషుల సంగతులతో రష్యన్ వచనకథ అక్కడ కాళ్లమీద నిలబడింది. అంటే 1830లో రష్యాలో కూడా వచనం అప్పుడే దారి వెతుక్కుంటోంది. వీరాస్వామయ్యది కథారచన కాదు, పుష్కిన్ ప్రతిభతో ఆయన్ని తూచటం నా ఉద్దేశమూ కాదు. కాని సాదా వచనం అన్న విషయంలో మనం యాభై ఏళ్లు వెనకబడి లేము.

మరి తేడా ఎక్కడ వచ్చింది? పుష్కిన్ వెనక పత్రికలున్నాయి, వాటికి చందాదారులున్నారు, చదివి వాదులాడే వాళ్లున్నారు. ఆయన తరవాత గోగోల్ వచ్చాడు. వీరాస్వామయ్య వెనక ఒక మిత్రుడున్నాడు. అచ్చు యంత్రాలు చాలావరకు ప్రభుత్వం చేతిలో, మిషనరీల చేతిలో ఉన్నాయి. తరవాత బడులు వచ్చినప్పుడు వాటికి కావలసిన వచనం చిన్నయసూరి 1853లో 'నీతిచంద్రిక'గా ఇచ్చాడు. బడి దాన్ని పట్టుకుంది, పరీక్ష దాన్ని పట్టుకుంది. బావినీ బియ్యాన్నీ చెప్పిన వచనం పక్కకు జరిగింది. వాడుకభాష మాట మళ్లీ ఎత్తడానికి గిడుగు, గురజాడ రావలసి వచ్చింది. వీరాస్వామయ్య లాంటి ఉద్యోగమే చేసిన వెన్నెలకంటి సుబ్బారావు తన జీవితకథను ఇంగ్లీషులో రాసుకున్నాడన్నది కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అది 1873లో అచ్చయింది. ఎవరు చదువుతారన్న ప్రశ్నకు ఆ కాలం ఇచ్చిన జవాబు అది. మనకు లేనిది భాష కాదు, చదివే సమాజం.

ఇంతవరకు గ్రంథం పక్షాన చెప్పాను. దుబాసీ వచనానికి ఒక హద్దు కూడా ఉంది. దుబాసీ సాక్షి మాటను మారుస్తాడు గాని, ఈ కోర్టు ఎవరిది అని అడగడు. వీరాస్వామయ్య కుంఫిణీ పాలనను శాంతిభద్రతల కొలతతో చూశాడు, మెచ్చుకున్నాడు. నైజాం రాజ్యంలోని అవ్యవస్థ పక్కన పెట్టి చూసినప్పుడు ఆ మెప్పు మరీ బలపడింది. దారిదోపిడీల భయం ఎరిగిన బాటసారికి అది సహజమే. కాని 1831లో ఆయన మన విశాఖ సీమగుండా దాటివెళ్లిన మరుసటేడే ఇక్కడి శాంతి పగిలిపోయింది. 1832లో కాశీపురం వీరభద్రరాజు తిరగబడ్డాడు. పాలకొండ, పర్లాకిమిడి కూడా అట్టుడికాయి. కుంఫిణీ జార్జి రస్సెల్‌ను ప్రత్యేక కమిషనరుగా, సైన్యంతో పంపింది. 1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటు పైకి నిశ్చలంగా కనిపించినా, అడుగున పేరుకున్నదేదో దారిపక్క మజిలీలో దిగినవాడికి కనిపించేది కాదు. ఆయన సవారీ మోసిన బోయీల కళ్లకు ఆ దారి ఎలా కనిపించిందో చెప్పే పుస్తకం మనకు లేనే లేదు.

ప్రపంచ జాబితాకూ ఇదే హద్దు ఉంది. జూలై చివర పారిస్ స్వేచ్ఛ కోసం లేచింది. అదే జూలై 5న ఫ్రెంచి సైన్యం అల్జీర్స్ పట్టుకుంది. కొత్త రాజు వచ్చాడు గాని అల్జీరియాను వదల్లేదు. 130 ఏళ్లకు పైగా ఆ దేశం ఫ్రాన్సు కిందే ఉండిపోయింది. జాబితా ఈ రెంటినీ రెండు వరసలుగా రాస్తుంది గాని కలిపి చదవదు. మాంచెస్టర్ రైలు మోసింది పత్తి, ఆ పత్తితో మరలు నేసిన బట్ట మన కోస్తా మగ్గాల నోరు కొట్టింది. ఇది 'రవాణా' శీర్షిక కింద ఉంటుంది. అదే శరత్తులో దక్షిణ ఇంగ్లండు వ్యవసాయ కూలీలు నూర్పిడి యంత్రాలు విరగ్గొట్టి ఉరికంబమెక్కారు, వందలమంది ఆస్ట్రేలియాకు ద్వీపాంతరం పోయారు. చాలా జాబితాలలో ఈ వరస ఉండనే ఉండదు.

ఇవి రెండు జాబితాలు: ఒకటి ప్రపంచానిది, ఒకటి మన సాహిత్యచరిత్రది. మూడవది కూడా ఉంది. దాన్ని ఎవరూ అచ్చువెయ్యలేదు. మన తాతల నోట 1830 అన్న అంకె లేదు. అది వికృతి. దాని తరవాత ఖర, దాని తరవాత నందన. నందన అంటే కరువు. 1832-33లో వచ్చి, గుంటూరు సీమలో అయిదు లక్షల జనంలో రెండు లక్షలమంది దాకా మింగిందని అంచనా వేసిన కరువు. ఆ తరవాత 1876లో ధాత కరువు. ప్రజలు సంవత్సరాలను పుట్టిన ప్రముఖులతో గుర్తుపెట్టుకోలేదు, పోయిన వాళ్లతో గుర్తుపెట్టుకున్నారు. పేర్లు లేని మరణాలకు సంవత్సరం పేరే గుర్తయింది. బజారులో బియ్యం ఉన్నదీ లేనిదీ రాసుకుంటూ వెళ్లిన వీరాస్వామయ్య వచనం ఈ మూడవ జాబితాకు దగ్గరగా వస్తుంది, కాని దానిలో అడుగుపెట్టదు.

సాహిత్య విద్యార్థులు ఇప్పుడు చేయవలసిన పని ఇక్కడే ఉందని నా మనవి. రచయిత పుట్టిన తేదీ, గ్రంథం అచ్చయిన తేదీ కంఠస్థం చేసి పరీక్ష రాయటంతో సాహిత్యచరిత్ర ముగిసిపోతోంది. దానికి బదులు ఒక్క సంవత్సరాన్ని తీసుకుని ఈ మూడు జాబితాలనూ పక్కపక్కన పరిచి చదివితే, ఏ గ్రంథం ఏం చూసిందో, ఏం చూడలేకపోయిందో, దాన్ని ఎవరు చదివారో తెలుస్తుంది. మా పిల్లల గోడపత్రికలో 1830 కింద కొంత ఖాళీ మిగిలింది. 'మే 18: ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసులో బయలుదేరాడు' అని రాయించాను. దాని పక్కనే 'ఇక రెండేళ్లకు నందన' అని కూడా రాయించాను. రెండో వరస ఎందుకో అడిగినవాళ్లను ఇంటికి వెళ్లి పెద్దవాళ్లను అడిగి రమ్మన్నాను.