యంత్రధ్వనిలో అర్థం: నైన్ ఇంచ్ నెయిల్స్ ప్రస్థానం

1988లో క్లీవ్‌లాండ్‌లో ట్రెంట్ రెజ్నర్ ప్రారంభించిన ఇండస్ట్రియల్ రాక్ బృందం నైన్ ఇంచ్ నెయిల్స్. దీని ప్రస్థానాన్ని ఆగ్రహగీతాల దశ, సినీసంగీత దశ అని విభజించి చూడటం పరిపాటి. ఈ విభజన సమంజసం కాదు. ‘ది డౌన్‌వర్డ్ స్పైరల్’ (1994) ఆల్బమ్‌లోని చివరి పాట ‘హర్ట్’లో గానం ముగిశాక కూడా రొద మిగులుతుంది; చివరి మాట ఆ రొదదే. జానీ క్యాష్ 2002లో గిటారు, పియానోలతో పాడినప్పుడు అదే పాట వృద్ధుని పశ్చాత్తాపమైంది. ఆ గానం గొప్పదే, సందేహం లేదు. కాని మూలంలోని పతనానుభవం అందులో వినిపించదు. కనుక యంత్రధ్వని ఇక్కడ అలంకారం కాదు, అర్థవాహిక. 2008 నాటి ‘గోస్ట్స్’లోని 36 రచనలలో అది గీతసాహిత్యాన్నే వదిలించుకొంది. అట్టికస్ రాస్‌తో కలిసి రెజ్నర్ కూర్చిన, ఆస్కార్ పొందిన ‘ది సోషల్ నెట్‌వర్క్’ (2010) సంగీతంలో రెండు రచనలు ఆ ‘గోస్ట్స్’ నుంచి రూపాంతరం చెందినవే.